రోజూ ఒకే క్రమంలో సాగే పని కావాలి: మన సరిహద్దు ప్రాంతంలో ఏ ఉద్యోగాలు సరిపోతాయి?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నాకు 26 ఏళ్లు. పదో తరగతి వరకు సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్ లోని పాతపట్నంలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఆ తరువాత శ్రీకాకుళంలో రసాయన శాస్త్రం ప్రధానాంశంగా బి.ఎస్సీ. పూర్తి చేసి, విశాఖపట్నంలో ఒక వ్యాపార ప్రకటనల సంస్థలో రెండున్నరేళ్లు పనిచేశాను. మూడు నెలల క్రితం ఆ ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చాను.

మానేయడానికి కారణం జీతం కాదు, మనుషులూ కాదు. అక్కడ ప్రతి ఉదయం పది గంటలకు అందరం ఒక బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక కొత్త ఆలోచన చెప్పాలి. నిన్న చెప్పినది ఈరోజుకు పనికిరాదు. నా వంతు వచ్చేసరికి నోరు ఎండిపోయేది. అదే కార్యాలయంలో శనివారం సాయంత్రం ఆ వారం బిల్లులను లెక్కల పుస్తకంతో సరిచూసే పని ఒకటి ఉండేది. దానిని ఎవరూ ఇష్టపడేవారు కాదు కనుక నేనే అడిగి తీసుకున్నాను. వారం మొత్తంలో నేను ప్రశాంతంగా గడిపిన మూడు గంటలు అవే. చిన్నప్పుడు మా నాన్నగారి కిరాణా కొట్టు చిట్టా రాత్రిపూట నేనే రాసేవాణ్ణి. గల్లాపెట్టెలోని డబ్బుకూ చిట్టాకూ రెండు రూపాయలు తేడా వచ్చినా, అది ఎక్కడ పోయిందో దొరికేదాకా నాకు నిద్రపట్టేది కాదు.

నాకు అలాంటి పని కావాలి. ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ముందే నిర్ణయమై ఉండి, దానిని తప్పు లేకుండా చేయడం నా బాధ్యత కావాలి. ఇంట్లో పెద్దలు మాత్రం అవి ఎదుగూ బొదుగూ లేని గుమాస్తాగిరీ ఉద్యోగాలని బాధపడుతున్నారు. మన ప్రాంతంలో ఇలాంటి స్వభావానికి సరిపోయే ఉద్యోగాలు ఏవి? నా మార్కుల జాబితాలో ఎక్కడా ఒడియా లేదు. అది ఎంతవరకు అడ్డు? ఇలాంటి పనులన్నీ ఇకమీదట యంత్రాలే చేస్తాయని అంటున్నారు, అది నిజమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం: రాయగడ నుంచి, విశ్రాంత స్టేషన్ మాస్టర్

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో నౌపడా, గుణుపురం మధ్య ఇంకా చిన్న రైలు నడిచేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది, 1900లో మొదలైంది. 2004లో ఆ రైళ్లు ఆగిపోయి, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద లైను వచ్చింది. పట్టాలు మారాయి, సిగ్నళ్లు మారాయి, చేతితో లాగే మీటల స్థానంలో బొత్తాలు వచ్చాయి. స్టేషన్ మాస్టర్ చేసే పనిలోని వరుస మాత్రం నేను చేరిననాడు ఎలా ఉందో, పదవీ విరమణ చేసిన నాడూ దాదాపు అలాగే ఉంది.

ఆ వరుస ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. పక్క స్టేషన్ వాడు రైలు పంపడానికి లైన్ క్లియర్ అడుగుతాడు. నా వైపు దారి ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాక, అచ్చువేసి ఇచ్చిన కాగితం మీది వరుసలో నుంచి ఒక ప్రైవేటు నంబరు అతనికి చెబుతాను. చెప్పిన నంబరును వెంటనే కొట్టేసి, పక్కన రైలు నంబరు రాయాలి. అతను దానిని తన రిజిస్టరులో రాసుకుంటాడు. ఆ నంబరు లేకుండా నోటిమాట మీద ఏ రైలూ కదలకూడదు. రైలు వచ్చి వెళ్లేటప్పుడు మనం బయట నిలబడి చివరి పెట్టె వెనుక పగలైతే ఎల్.వి. (లాస్ట్ వెహికల్) బోర్డు, రాత్రయితే ఎర్రదీపం ఉన్నాయో లేదో కళ్లారా చూడాలి. అవి ఉంటేనే రైలు మొత్తం వచ్చినట్లు లెక్క.

ఒక వర్షాకాలపు రాత్రి ఒక చిన్న స్టేషన్‌లో గూడ్సు బండి నా ముందు నుంచి వెళ్లింది, చివర దీపం కనబడలేదు. వెనుక ఇంకో బండి కాచుకుని ఉంది. బండి అంతా వచ్చినట్టే ఉంది కదా, క్లియర్ ఇచ్చేయమని ఫోనులో ఒత్తిడి చేశారు. నేను ఇవ్వలేదు. ముందు స్టేషన్‌లో బండిని ఆపించి, చివరి పెట్టె నంబరు సరిచూసిన తరువాతే ఇచ్చాను. చివరకు దీపం ఆరిపోయిందని తేలింది, అంతకుమించి ఏమీ లేదు. ఆలస్యానికి నన్ను సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఒకవేళ నాలుగు పెట్టెలు తెగి ఆ చీకటిలో పట్టాల మీద ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. ఇలాంటి చోట కొత్తగా ఆలోచించేవాడి కంటే వరుస తప్పనివాడే కావాలి. మీ పెద్దలకు ఈ మాట నా తరఫున చెప్పు.

అయితే ఒక ముఖ్యమైన తేడా నువ్వు ముందే గమనించుకోవాలి. పనిలో క్రమం వేరు, పని వేళల్లో క్రమం వేరు. స్టేషన్ మాస్టర్ పని అక్షరం తప్పని క్రమమే కానీ, వారం తిరిగేసరికి డ్యూటీ పగటి నుంచి రాత్రికి మారుతుంది, చిన్న స్టేషన్లలో 12 గంటల డ్యూటీలూ చేశాను, పండుగ ఏ రోజు వచ్చినా బండి ఆగదు. వేళకు తిని వేళకు పడుకోకపోతే నలిగిపోయే మనిషివైతే ఈ ఉద్యోగం నీకు కష్టమే. టికెట్ బుకింగ్ కౌంటరులో కూడా షిఫ్టులు ఉంటాయి కానీ అంత బాధ్యత నెత్తిమీద ఉండదు, రాత్రికి డబ్బు, టికెట్ల లెక్క సరిపోవడమే ప్రధానం. నీ చిట్టా మాట చదివినప్పుడు నాకు ముందుగా తట్టింది అదే.

రైల్వే నియామక బోర్డు పరీక్షలు తెలుగులో రాయవచ్చు, ఒడియా ధ్రువపత్రం అడగరు. డిగ్రీ ఉంటే స్టేషన్ మాస్టర్ పోస్టుకు అర్హత ఉంది, మూల వేతనం 35,400 నుంచి మొదలవుతుంది. రాత పరీక్షలతో పాటు కంప్యూటరు మీద ఒక మానసిక సామర్థ్య పరీక్ష పెడతారు, అందులో ప్రతి విభాగంలోను కనీసం 42 స్కోరు రావాలి. కంటిచూపు, రంగులు గుర్తించే శక్తి గట్టిగా చూస్తారు కనుక చదువు మొదలుపెట్టే ముందే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లి రా. రెండేళ్లు చదివి వైద్య పరీక్షలో వెనక్కి వచ్చిన పిల్లలను నేను చూశాను.


సమాధానం: గజపతి జిల్లా పల్లె నుంచి, బ్రాంచి పోస్ట్‌మాస్టర్

తమ్ముడూ, మాస్టారు చెప్పిన తేడా చాలా అవసరమైనది. వేళలూ క్రమంగా ఉండాలి, పనీ క్రమంగా ఉండాలి అనుకుంటే మా ఉద్యోగం గురించి కూడా ఆలోచించు. గ్రామీణ డాక్ సేవక్ అంటారు. రోజుకు నాలుగైదు గంటల పని. పరీక్ష లేదు, పదో తరగతి మార్కుల మీదనే ఎంపిక. వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి.

నా రోజు తేదీ ముద్రతో మొదలవుతుంది. ముద్రలో ఉండే చిన్న అంకెలను మార్చి, సిరా అద్ది, పుస్తకంలో ఒకసారి గుద్ది చూసుకుంటాను. అంకె వంకరగా పడిందా, నెల సరిగా ఉందా అని చూసిన తరువాతే మిగిలిన పని. సంచీ రాగానే తాడు కోయకూడదు. ముందు సీలు, చీటీ చూడాలి, పగిలి ఉంటే అప్పుడే రాసి పెట్టాలి. తరువాత విప్పి, స్పీడ్ పోస్టు ఉత్తరాలు లెక్కపెట్టి, పంచవలసినవి మా సహాయకుడికి అప్పగించి, అతని సంతకం తీసుకుంటాను. ఆపైన పొదుపు ఖాతాలు, సుకన్య ఖాతాలు, పెన్షన్లు. చివరకు రోజు లెక్క మూసి, నగదు దానితో సరిపోయిందని చూసుకుని సంచీ కట్టేస్తాను. ఈ రోజు పని రేపటికి మిగలదు, ఇంటికి వెంట రాదు.

మా ఊరి చుట్టూ కొండల మీద సవర గూడేలు ఉన్నాయి. సంత రోజున దిగి వచ్చే ముసలమ్మలకు చదువు రాదు, కానీ పాసుబుక్కు చీర చెంగులో మడిచి తెస్తారు. డబ్బు చేతికిచ్చి, పుస్తకం తరువాత ఇస్తాననే వాళ్లూ ఉంటారు. నేను తీసుకోను. పుస్తకం నా బల్ల మీదకు వచ్చాకే డబ్బు ముట్టుకుంటాను, అంకె వేసి, ముద్ర వేసి, గట్టిగా చదివి వినిపించి ఇస్తాను. నేను రాకముందు ఒక ఆఫీసులో ఈ వరుస పాటించనందుకు కొందరి డబ్బు లెక్కలోకి రాలేదని ఇక్కడివాళ్లు ఇప్పటికీ బాధతో చెబుతారు. కష్టపడి కూడబెట్టిన 200 రూపాయల విషయంలో ఆ మనిషి నన్ను నమ్ముతోందంటే, అందుకు కారణం నేను ప్రతిసారీ అదే వరుసలో చేయడమే. నీలాంటి స్వభావం ఉన్నవాళ్లు ఈ బల్ల వెనుక కూర్చోవాలని నేను నిజంగా కోరుకుంటాను.

కష్టాలు కూడా చెప్పాలి. బ్రాంచి పోస్ట్‌మాస్టరుకు మొదట 12,000 రూపాయలు, దానిపైన కరువు భత్యం వస్తుంది. ఇది పూర్తిస్థాయి ప్రభుత్వ ఉద్యోగం కాదు, ఇంటికి ఇంకో ఆదాయం ఉండాలి. మీకు కొట్టు ఉంది కనుక సరిపోవచ్చు. ఆఫీసున్న ఊళ్లోనే కాపురం ఉండాలి. కొత్త ఖాతాలు తెరిపించమని, బీమా చేయించమని పైనుంచి లక్ష్యాలు వస్తాయి, ఆ నెలల్లో నాకూ మనసు బాగుండదు. లావాదేవీలు నమోదు చేసే చేతి యంత్రానికి సిగ్నల్ అందని రోజున అందరినీ కూర్చోబెట్టుకుని ఓపికగా ఉండాలి. సర్వీసులో ఉండి శాఖాపరమైన పరీక్ష రాసి పోస్ట్‌మ్యాన్‌గా వెళ్లినవాళ్లు ఉన్నారు, కాబట్టి ఎదుగూ బొదుగూ లేదన్న మాట సరికాదు.

భాష విషయం జాగ్రత్తగా విను. ఒడిశా తపాలా సర్కిల్‌లో దరఖాస్తు చేయాలంటే పదో తరగతి వరకు ఒడియా చదివి ఉండాలి, నీకు కుదరదు. కానీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో అడిగేది తెలుగు. పాతపట్నంలో చదివిన నీకు ఆ అర్హత ఉంది. సరిహద్దు ఇవతల ఇల్లున్నంత మాత్రాన అవతల దరఖాస్తు చేయకూడదని లేదు, ఎంపికైతే అక్కడికి మారాలి, అంతే.


సమాధానం: జయపురం నుంచి, కళాశాల అధ్యాపకురాలు

ఇది లోపమా అన్న బాధ మీ ప్రశ్న అడుగున ఉంది కనుక దాని గురించి మాత్రమే రాస్తాను. జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1959లో వృత్తి ఎంపిక గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనుషుల అభిరుచులను ఆరు రకాలుగా చెప్పే ఆ వర్గీకరణలో, నియమాలనూ లెక్కలనూ దస్త్రాలనూ ఇష్టపడే స్వభావం ఒక ప్రత్యేకమైన రకం. కళాత్మక స్వభావం దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మిమ్మల్ని రెండున్నరేళ్లు ఆ ఎదుటి మూలలో కూర్చోబెట్టారు, అంతకంటే మీలో తప్పేమీ లేదు.

అయితే ఎవరిలోనూ ఒకే రకం ఉండదు, రెండు మూడు కలిసి ఉంటాయి. రసాయన శాస్త్రం మీరు ఇష్టపడి చదివారా, సీటు వచ్చిందని చదివారా? ఇష్టపడి చదివి ఉంటే చిట్టా ఒక్కటే మీకు తృప్తినివ్వదు, ప్రయోగశాల కూడా కావాలి. ఉద్యోగం పేరు చూసి మాత్రం నిర్ణయించుకోకండి. బోధన క్రమబద్ధమైన పని అని బయటివారు అనుకుంటారు; గంటలు క్రమంగానే కొడతారు, తరగతిలో మాత్రం ఏ రెండు రోజులూ ఒకలా ఉండవు.


సమాధానం: రాయగడ దగ్గర కాగితపు మిల్లు, నాణ్యతా పరీక్షల విభాగం

పై అధ్యాపకురాలి మాటకు నా పని మంచి ఉదాహరణ అవుతుందేమో. నేనూ బి.ఎస్సీ. రసాయన శాస్త్రమే, పన్నెండేళ్లుగా ఈ విభాగంలో ఉన్నాను.

మెషీన్ మీద ఒక రీలు పూర్తి కాగానే దాని చివర నుంచి కాగితం కోసి మాకు పంపుతారు. మా గదిలో వేడి, తేమ ఒక నిర్ణీత స్థాయిలో ఉంటాయి, ఎందుకంటే కాగితం గాలిలోని తేమను పీల్చుకుని బరువు మారుతుంది. పది సెంటీమీటర్ల చదరపు ముక్కను అచ్చు పెట్టి కోసి, త్రాసు మీద పెడతాం. అది 0.70 గ్రాములు తూగితే చదరపు మీటరుకు 70 గ్రాముల కాగితం అన్నమాట. తరువాత తేమ, చింపడానికి పట్టే బలం, తెల్లదనం. ప్రతి అంకెనూ రీలు నంబరు పక్కన రాసి సంతకం పెట్టాలి. ముక్క కోసేటప్పుడు వేలితో అంచు నొక్కితే ఆ తడికే అంకె మారుతుందని నాకు మొదటి నెలలోనే మా సీనియర్ చూపించారు. ఇప్పటికీ నేను అంచు ముట్టుకోకుండా మూల పట్టుకునే ఎత్తుతాను. చూసేవారికి విసుగు పుట్టించే పనే. కానీ అంకెలు మెల్లగా ఒకవైపు జరుగుతున్నాయని, మెషీన్ దగ్గర ఏదో మారిందని, రోజూ అదే చూసే కన్ను ముందుగా పసిగడుతుంది. నాకు ఈ పనిలో అమితమైన ఇష్టం ఉన్నది అక్కడే.

యంత్రాల సంగతి అడిగారు. మా మెషీన్ మీద ఇప్పుడు కాగితం పరుగెడుతూ ఉండగానే బరువునూ తేమనూ కొలిచే స్కానర్లు ఉన్నాయి. అయినా ఆ స్కానరు సరిగ్గా చెబుతోందా లేదా అని సరిచూసేది మా త్రాసే. అందుకని నా అభిప్రాయం ఇది: తెర మీద ఒకచోటి అంకెలను ఇంకోచోటికి ఎక్కించే డేటా ఎంట్రీ లాంటి పనిని నమ్ముకోవద్దు, అది తగ్గిపోతోంది. వస్తువు దగ్గర, మనిషి దగ్గర నిలబడి, సరిచూసి, నాదే పూచీ అని సంతకం పెట్టవలసిన పని నిలుస్తుంది. స్టేషన్ మాస్టారి చివరి పెట్టె, పోస్ట్‌మాస్టరమ్మ పాసుబుక్కు కూడా అలాంటివే.

మా దగ్గర మూడు షిఫ్టులు ఉంటాయి, అది ముందే తెలుసుకోండి. పట్టభద్రులను ఏడాదిపాటు అప్రెంటిస్‌గా తీసుకునే పద్ధతి పరిశ్రమల్లో ఉంది. దమన్‌జోడి, తెరుబలి, రాయగడ వైపు ఉన్న అల్యూమినా, ఫెర్రో మిశ్రమ, కాగితపు పరిశ్రమలన్నిటికీ ప్రయోగశాలలు ఉంటాయి. ఆసుపత్రి ప్రయోగశాల శిక్షణ గురించి కూడా విచారించండి. అక్కడా ప్రతి ఉదయం రోగుల రక్తం పరీక్షించే ముందు, ఫలితం ముందే తెలిసిన నమూనాను యంత్రంలో పెట్టి సరిచూస్తారు. ఆ క్రమం మీకు నచ్చుతుంది.


సమాధానం: బరంపురం నుంచి, బ్యాంకు ఉద్యోగి

క్లుప్తంగా చెబుతాను. నగదు కౌంటరులో నోట్లను వందేసి లెక్కపెట్టి, పాడైనవి వేరు చేసి, కాగితపు పట్టీ వేసి కట్టడం రోజూ ఉండే పని. నోట్లకు పిన్నులు కొట్టడాన్ని రిజర్వు బ్యాంకు 2001లోనే మాన్పించింది. సాయంత్రం లెక్క కుదరకపోతే ఎవరూ లేవరు. ఆ కుదిరే క్షణం మీకు నచ్చుతుందనడంలో నాకు సందేహం లేదు. కానీ బ్యాంకు గుమాస్తా పని ఇప్పుడు కౌంటరుతో ఆగడం లేదు. బీమా, కార్డులు అంటగట్టమని చెప్పే శాఖలు ఉన్నాయి. నేను పనిచేసిన ఒక శాఖలో రోజూ ఉదయం ఎవరు ఎన్ని అమ్మారో నిలబెట్టి అడిగేవారు. మీరు వదిలి వచ్చిన బల్ల లాంటిదే అది. క్లర్కు పరీక్షకు ఒక రాష్ట్రాన్ని ఎంచుకోవాలి, ఆ రాష్ట్ర భాష రావాలి. ఒడిశా ఎంచుకుంటే, చదువులో ఒడియా లేనివారికి భాషా పరీక్ష పెడతారు. మాట్లాడటం ఒక్కటే చాలదు, చదవాలి, రాయాలి.


ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఈ సమాధానాలను రాత్రి మా నాన్నగారికి చదివి వినిపించాను. మాస్టారు గారి చివరి పెట్టె దీపం సంగతి రెండోసారి చదవమన్నారు, ఆ తరువాత గుమాస్తాగిరీ అన్న మాట ఎత్తలేదు.

అధ్యాపకురాలు గారూ, రసాయన శాస్త్రం నేను ఇష్టపడే చదివాను. బ్యూరెట్ గాజు గొట్టం నుంచి ఒక్క చుక్క పడగానే రంగు మారే చోట ఆపడం నాకు చాలా ఇష్టంగా ఉండేది, ఆ మాట ఎవరికీ చెప్పాలని ఇన్నాళ్లూ తోచలేదు. షిఫ్టుల వల్ల నాకు ఇబ్బంది లేదు, విశాఖలో రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసిన అలవాటు ఉంది. అందువల్ల ముందుగా ప్రయోగశాల అప్రెంటిస్ అవకాశాలు చూస్తాను, ఆ పక్కనే రైల్వే పరీక్షకు చదువుతాను. ఈ సోమవారం కంటి పరీక్ష చేయించుకుంటున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. మాకు ఒడియా మాట్లాడటం బాగానే వచ్చు, లిపి రాదు. ఈ వయసులో నేర్చుకుని పనికివచ్చే ధ్రువపత్రం ఏదైనా తెచ్చుకోవచ్చా?


సమాధానం: రాయగడ నుంచి, విశ్రాంత స్టేషన్ మాస్టర్

తప్పకుండా తెచ్చుకోవచ్చు బాబూ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. అప్పటినుంచీ ఇల్లు ఒక వైపు, బడి ఒక వైపు ఉన్న పిల్లలందరికీ ఈ చిక్కు ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలంటారు. బడిలో చదవనివారి కోసం కటక్‌లోని సెకండరీ విద్యా బోర్డు ఒడియా భాషా పరీక్ష నిర్వహిస్తుంది. అమీన్ (భూమి కొలిచే ఉద్యోగి), రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ లాంటి పోస్టులకు కూడా అప్పుడు నీకు దారి తెరుచుకుంటుంది, అవీ కొలతలూ రికార్డులూ ఉన్న పనులే.

లిపి గురించి భయపడకు. మన అక్షరమాల వరుసే వాళ్లదీ: అ, ఆ, ఇ, ఈ, క, ఖ, గ, ఘ. అక్షరాల తలమీద గుండ్రని గొడుగు ఉంటుంది, ముందు దాని కింద ఉన్న భాగాన్ని మాత్రం చూడటం అలవాటు చేసుకో. నేను మొదటి పోస్టింగులో స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఒకే పేరు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కనే ఉంటుంది కదా. పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా ఒకసారి కిటికీ పక్కన కూర్చుని వెళ్లు, ప్రతి స్టేషన్ పేరూ నోటుపుస్తకంలో రాసుకో, తిరుగు ప్రయాణంలో ఇంగ్లీషు చూడకుండా చదువు.